తోడేళ్ళకు వరసలు చూసే బాబాయి

మా బాబాయికి ఒక్కటే జబ్బు. ఎదుటి మనిషి తాతముత్తాతలెవరో తేల్చుకోనిదే ఏ పనీ ముందుకు సాగనిచ్చేవాడు కాదు. ఒకసారి బల్బు మార్చడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ని నిచ్చెన మీదే నిలబెట్టి, అతని ముత్తవ్వ పుట్టిల్లు ఏదో తెలిసేదాకా కిందికి దిగనివ్వలేదు. పాపం ఆ మనిషి నిచ్చెన మీది నుంచే ఇంటికి ఫోన్ చేసి వాళ్ళమ్మను అడిగాడు.

బాబాయంటే నాకు రక్తసంబంధం కాదు. మా జంతుప్రదర్శనశాలలో అందరికీ ఆయన బాబాయే. వెనకాల వరసల బాబాయి అనుకునేవాళ్ళం. తోడేళ్ళ వంశావళి రాయడం ఆయన ఉద్యోగం. ఏది దేనికి పుట్టింది, దేనికి దేన్ని జత చెయ్యొచ్చు, ఏది కూడదు, అన్నీ ఆయన రిజిస్టర్లో ఉండాలి. నేను అక్కడ జంతువుల డాక్టర్ని. ఆయన పోయి ఐదు నెలలైంది. ఇప్పటికీ ఆయన గదికి వెళ్తే, ఎవరో ఏదో అడుగుతారన్నట్టు గుమ్మంలో కాసేపు ఆగుతాను. ఎవరూ అడగరు.

ఆ గది గోడ నిండా తోడేళ్ళ వంశవృక్షమే. కాగితం చాలక మూల తిరిగి, పక్క గోడెక్కి, బీరువా వెనక్కి పోయింది. ముత్తాతలను చూడాలంటే ఇద్దరు మనుషులు బీరువా జరపాలి.

డైరెక్టరుగారికి బాబాయంటే తలనొప్పి.

"మూడో ఆవరణలో మగదీ, ఐదో ఆవరణలో ఆడదీ ఈడూ జోడూగా ఉన్నాయి కదయ్యా. కలిపెయ్."

"వరస కుదరదండి."

"అన్నాచెల్లెళ్ళు కారుగా?"

"ఆ పిల్ల వీడికి మేనత్త కూతురండి. ఇంకోవైపు నుంచి లాగితే పిన్ని కూడా అవుతుంది."

"మేనత్త కూతురంటే వరసైందేగా."

"మనుషుల వరసలు నా రిజిస్టర్లో చెల్లవండి."

తన భార్య మేనత్త కూతురేనన్న సంగతి గుర్తొచ్చింది కాబోలు, డైరెక్టరుగారు ఆ మాట అక్కడితో ఆపేశారు.

ఆ 'వరస కుదరదు' ఆయనకు ఊతపదమైపోయింది. కుర్చీ బల్లకు పొట్టిగా ఉంటే వరస కుదరదు. గొడుగు తీసుకుంటే ఎండ కాసింది, వరస కుదరలేదు. మేమూ పట్టుకున్నాం. క్యాంటీన్లో బిస్కెట్టు టీలో మునిగిపోతే వరస కుదరలేదని నవ్వుకునేవాళ్ళం.

ఒకరోజు ఆయన రిజిస్టరు పాత సంపుటం తెరిచి నాకొక పేజీ చూపించాడు. ఆ తర్వాత ఆ మాట మీద నేను నవ్వలేకపోయాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో అప్పటి పై అధికారి చెప్పాడని, ఎదురు చెప్పలేక, అన్నాచెల్లెళ్ళను జత చేశాడట. నాలుగు పిల్లలు పుట్టాయి. కళ్ళు తెరిచాయి. చూపు మాత్రం లేదు.

"నా చెప్పుల చప్పుడు వినపడితే వచ్చేవమ్మా అవి" అన్నాడు. "గోడ ఎక్కడుందో ముక్కుకు తగిలితేగానీ తెలిసేది కాదు వాటికి. ముక్కుల మీద పుళ్ళు. ఒక్కటి రెండేళ్ళు బతికింది. మిగతావి అంత కూడా లేవు."

"ఎందుకలా అవుతుందని అప్పుడు తెలియదా?"

"తెలుసు. చెప్పడానికి నోరు రాలేదు." పేజీ మూసేశాడు. "ప్రతి వంశంలో ఎక్కడో ఓ చిల్లు ఉంటుందమ్మా. బయటి నుంచి సంబంధం వస్తే వాళ్ళ మంచి మన చిల్లును కప్పేస్తుంది. ఒకే చోట చిల్లున్న రెండు దుప్పట్లు కలిపి కప్పుకుంటే చలి ఆగుతుందా?"

మా దగ్గరా, మరో నాలుగు జంతుశాలల్లోనూ కలిపి నలభై రెండు తోడేళ్ళు. తవ్వుకుంటూ పోతే అన్నీ మూడింటి సంతానమే. "నలభై రెండున్నాయని డైరెక్టరుగారు సంబరపడతారు. మూడే ఉన్నాయని నేను ఏడుస్తాను" అనేవాడు.

ఇక నా సంగతి. నేను అనాథాశ్రమంలో పెరిగాను. గేటు దగ్గర దొరికానట. ఎవరు వదిలారో, ఎందుకు వదిలారో తెలియదు. ఉద్యోగంలో చేరిన మొదటిరోజు కొత్తవాళ్ళం అందరం వరసగా కూర్చున్నాం. బాబాయి ఒక చివర మొదలుపెట్టి ఒక్కొక్కరినే అడుగుతూ వస్తున్నాడు. నా వంతుకు ఇంకా ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకుంటున్నాను.

"మీ నాయనమ్మగారు ఏం చేసేవారమ్మా?"

"బట్టలు కుట్టేదండీ" అనేశాను.

అంతే, నాకో నాయనమ్మ పుట్టింది. ఏడాది తిరగ్గానే ఏదో మాటల్లో ఆవిడను టీచర్ని చేశాను.

"కుట్టుపని అన్నావు కదమ్మా?"

"బడి అయ్యాక కుట్టేదండీ."

మూడో ఏటికి నాయనమ్మ బడిలో పాఠాలు చెప్పి, బట్టలు కుట్టి, పురుళ్ళు పోసి, మోటార్‌సైకిలు కూడా నడిపింది. "ఆవిడకు ఓపిక ఎక్కువ" అని రాసుకున్నాడు బాబాయి. ఇక మోయలేక ఒకరోజు, "నాయనమ్మ పోయిందండీ" అన్నాను.

ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "ఎప్పుడు?"

"మొన్న."

"మొన్న పోతే ఇవాళ పనికొచ్చావా? పద, పద. రెండు రోజులు సెలవు. నేను రాసిస్తాను."

ఆ రెండు రోజులూ నా గదిలో గోడకేసి చూస్తూ కూర్చుని, లేని నాయనమ్మ కోసం నిజంగానే ఏడ్చాను. అంత ఏడుపు నాలో ఉందని నాకే తెలియదు.

కిందటేడు అడవి పక్క రోడ్డు మీద లారీ గుద్దిన ఆడతోడేలునొకదాన్ని మా దగ్గరికి తెచ్చారు. వెనక కాలొకటి తీసెయ్యక తప్పలేదు. డైరెక్టరుగారు చూసి పెదవి విరిచారు.

"మూడు కాళ్ళది. ఊరూ పేరూ లేనిది. మనకెందుకు? ఎక్కడికైనా పంపించెయ్యండి."

బాబాయి ఆ బోను ముందు నేల మీద చతికిలపడ్డాడు. "తల్లెవరో తెలియదు, తండ్రెవరో తెలియదు. ఇరవై ఎనిమిదేళ్ళ నుంచి ఈ సంబంధం కోసమే చూస్తున్నానండి" అన్నాడు.

"పుట్టుపూర్వాలు తెలియకపోవడం గొప్పా?"

"దీని రక్తం మన నలభై రెండింటిలో ఒక్కదానికీ లేదండి. ఇలాంటిదాన్ని మా పుస్తకంలో మూలం అంటాం. దీని పైన ఎవరి పేరూ ఉండదు. వంశం దీనితోనే మొదలవుతుంది."

నేను సెలైన్ సీసా సరిచేస్తున్నట్టు అటు తిరిగిపోయాను.

"అయినా సరే" అన్నారు డైరెక్టరుగారు.

"అయితే నన్ను కూడా అదే బండిలో పంపించండి" అన్నాడు బాబాయి. జీవితంలో ఆయన పై అధికారికి ఎదురు చెప్పడం, వరసల సంగతి కాకుండా, అదొక్కసారే అనుకుంటాను. తోడేలు ఉండిపోయింది.

జత కట్టే కాలం వచ్చేసరికి అది మూడు కాళ్ళ మీద పరుగెత్తడం నేర్చుకుంది. మూడో ఆవరణలోని మగదానితో జత చేశాం. సరిగ్గా అప్పుడే బాబాయి మంచం పట్టాడు. కాలేయం పాడైంది, ఇక చేసేదేం లేదని డాక్టర్లు ఇంటికి పంపేశారు. ఐదు పిల్లలు పుట్టాయని ఫోన్లో చెప్తే, "కళ్ళు?" అన్నాడు. పదమూడో రోజు కళ్ళు తెరిచాయని చెప్తే, "వాళ్ళూ తెరిచారమ్మా" అన్నాడు. వాళ్ళంటే, పాత పేజీలోని ఆ నలుగురు.

నెల నిండబోతుండగా పిల్లలు గుంతలోంచి బయటికొచ్చాయి. నేను ఒక పొడవాటి కర్రకు దారం కట్టి, దారం చివర దూది ఉండ కట్టాను. చప్పుడు కాని వస్తువు కావాలి కదా. కంచె మీది నుంచి మెల్లగా ఊపాను. ఐదు తలలూ దూదితోపాటు ఇటు తిరిగాయి. అటు తిరిగాయి. ఒకటి ఎగిరి దూది అందుకోబోయి పల్టీ కొట్టింది. నమ్మకం కుదరక ఇంకో మూడుసార్లు ఊపాను.

ఏప్రన్ విప్పకుండానే ఆయన ఇంటికి పరుగెత్తాను.

"ఐదుకి ఐదూ చూస్తున్నాయి బాబాయిగారూ."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. నీళ్ళు కణతల మీదుగా చెవుల్లోకి కారాయి. తుడుచుకోలేదు.  అది చూశాక ఇక దాచడం నావల్ల కాలేదు.

"మీకొక మాట చెప్పాలి. నాకు నాయనమ్మ లేదు."

"తెలుసు."

"పోయిందని కాదు. అసలు లేదు. ఎవరూ లేరు."

"తెలుసమ్మా. నిన్ను ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు నీ దరఖాస్తు చదివింది నేనే."

"మరి ఆ రోజు అందరి ముందూ ఎందుకడిగారు?"

"వరసన కూర్చున్న పద్నాలుగు మందినీ అడిగి, నీ దగ్గరకొచ్చేసరికి దాటిపోతే అందరూ నీకేసే చూసేవాళ్ళు. ఏం చెప్పుకుంటావో నీ ఇష్టం. అడగడం నా మర్యాద."

"ఒకసారి కుట్టుపనన్నావు, ఒకసారి టీచరన్నావు అని తప్పులు పట్టారుగా?"

"పట్టకపోతే నేను నమ్మలేదని నీకు తెలిసిపోదూ?"

ఏడుస్తున్నదాన్ని నవ్వేశాను.

"ఆ తోడేలు గురించి డైరెక్టరుగారికి చెప్పినప్పుడు..." అన్నాను.

"ఆయనకెందుకు చెప్తాను? ఆయన చెవికెక్కదని నాకు తెలియదా. వెనకాల సెలైన్ సీసా పట్టుకున్నవాళ్ళకి చెప్పాను."

ఆయన భార్య ఎంతసేపటి నుంచి విందో, గుమ్మంలోంచి అడిగింది. "అయితే నీకు ఎవరూ లేరా?"

"లేరండీ."

"ఇంటికెళ్ళి తొందరగా చేసే పనేం లేదుగా మరి. భోంచేసి వెళ్ళు."

ఆ తర్వాత పదకొండో రోజున బాబాయి పోయాడు. అప్పటి నుంచి ఆదివారం ఆదివారం నా భోజనం అక్కడే. పిన్ని మంచి మనిషి. కూరల్లో మాత్రం ఉప్పు సముద్రం. నాలుగు నెలలు ఓర్చుకుని మొన్న అనేశాను.

"పిన్నీ, ఉప్పెక్కువైంది."

ఆవిడ గరిటె గాలిలో ఆగింది. "ముప్పై ఏళ్ళలో ఆయన ఒక్కసారీ అనలేదే?"

"నువ్వు చిన్నబుచ్చుకుంటావని చెప్పి ఉండరు."

ఆవిడ కూర నాలిక చివర రాసుకుని చూసింది. మళ్ళీ చూసింది.

"అందుకా" అంది చివరికి, "అన్నం తినేటప్పుడు చెంబెడు నీళ్ళు తాగేవారు."