అర్బాబ్ తోటలో ఎక్కే మంచె

ఇది వీరగాథ. ఇందులో ఎడారి ఉంది, వేటగాడున్నాడు, ఆకాశానికీ భూమికీ మధ్య ప్రాణాలకు తెగించి వేలాడిన తెలంగాణ యువకుడున్నాడు. చదివేవాళ్లు గుండె చిక్కబట్టుకోవాలి.

అంత లేదులెండి. ఎడారి ప్రహరీగోడ అవతలే ఆగిపోయింది. వేటగాడు ఆ రోజు వేటకు కాదు, భోజనానికి వచ్చాడు. ఆకాశానికీ భూమికీ మధ్య అన్నమాట నిజమే గానీ, భూమి చాలా దగ్గరగా ఉంది. ఇక ఆ యువకుణ్ని నేనే కాబట్టి తెగింపు సంగతి నాకు బాగా తెలుసు. తెగింది ప్యాంటు కుట్టు.

అబుదాబి రాజ్యంలోని రువైసులో రిఫైనరీ కడుతున్న రోజులవి. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చి అక్కడ ఇనుప చువ్వలు మోసేవాణ్ని. ఎండాకాలం ఆ చువ్వను భుజాన పెట్టుకుంటే అట్ల పెనాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగినట్టుండేది. మా కఫీల్‌కు, అంటే మాకు వీసా ఇచ్చిన యజమానికి, బనియాస్ దగ్గర ఖర్జూరపు తోట ఉండేది. ఆయన్ని అందరం అర్బాబ్ అని పిలిచేవాళ్లం, దొర అన్నట్టు. చలికాలం మొదట్లో ఆయన డ్రైవరు ఖాదర్ భాయ్ మా క్యాంపుకు వచ్చాడు. మనిషిది కడప.

“మీలో చెట్టెక్కేటోడు ఎవడన్నా ఉండాడా? అర్బాబ్ తోటకు కావాల.”

“తోటల నీడ ఉంటదా భాయ్?” అన్నాను.

“తోటన్నాక నీడ ల్యాకుండా ఉంటాదా అబ్బీ. నీళ్లు గూడా ఉంటాయి. ఎక్కేది వస్తాదా నీకు?”

“మేం గౌండ్లోల్లం.”

నేను అబద్ధమాడలేదని గమనించాలి. అతను అడిగింది నా సంగతి, నేను చెప్పింది మా కులం సంగతి. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లు తాగాడంటారు కదా. మరి తాటిచెట్టు కింద పుట్టినవాణ్ని ఎక్కుతాడనుకుంటే తప్పు నాదా? మా నాయన నిజంగానే కల్లు గీసేవాడు. నన్ను మాత్రం మోకు ముట్టుకోనివ్వలేదు. “నువ్వెక్కద్దు బిడ్డా. ఒకడెక్కితే వాడు దిగేదాంక ఇంట్ల ఎవలకు బువ్వ సయించది” అనేవాడు. కాబట్టి ఆ వృత్తిలో నాకు వచ్చిన విద్యల్లా కింద కూర్చుని ముంత పట్టుకోవడమే. తాతలు తాళ్లెక్కారు, నా అరికాళ్లు చూడండి అన్నట్టుగా పికప్ ఎక్కి బనియాస్ చేరాను.

తోట స్వర్గం. నీడ ఉంది, నీళ్లున్నాయి, నీళ్లు పట్టే పని ఉంది. ఒక్కటే చిక్కు. చలి పోయే వేళకు మగచెట్టు పుప్పొడిని ఆడచెట్ల పూగెలలకు పట్టించాలి. ఖర్జూరానికి ఆ పని మనిషి ఎక్కి చేయాల్సిందే, లేకపోతే కాయలుండవు. ఆ రోజు ఎక్కకపోయానో, మళ్లీ రువైసు, మళ్లీ చువ్వ.

ఎక్కడానికి అక్కడివాళ్ల తాడు ఒకటుంది, హాబూల్ అంటారు. నడుముకు వెడల్పాటి పట్టీ, చెట్టు చుట్టూ తాడు. మా నాయన మోకుకు బావమరిదిలా ఉంది. దాన్ని చూసినప్పుడల్లా నేను ఒక కారణం చెప్పేవాణ్ని.

“తాడు ఎండింది భాయ్, నానాలె.”

“నానబెట్నావు గదా నిన్న.”

“నానింది. ఇగ ఎండాలె.”

“ఈ పొద్దు?”

“ఇయ్యాల మంగళారం.”

ఖాదర్ భాయ్ నన్ను ఎగాదిగా చూసి బీడీ వెలిగించుకునేవాడు. మౌనంగా అనుమానించేవాళ్లంటే నాకు భయం. తిట్టేవాణ్ని నవ్వించి తప్పించుకోవచ్చు.

అంతలో దేవుడు తెల్లవాడి రూపంలో వచ్చాడు. అర్బాబ్‌కు తెలిసిన ఇంజినీరు, వాళ్ల దేశంలో జింకల వేటగాడు. మా అర్బాబ్ కూడా వేటగాడే, కాకపోతే డేగతో. ఇద్దరూ వేటగాళ్లు కదా అని తెల్లదొర ఒక బహుమతి తెచ్చాడు. చెట్టుకు తగిలించుకుని మనిషి తనంతట తాను పైకి వెళ్లే ఇనుప మంచె. పక్షిని పైకి పంపి వేటాడే మనిషికి, మనిషిని పైకి పంపే సామాను. అర్బాబ్ దాన్ని మర్యాదగా చూసి, మర్యాదగా నేలమీద పెట్టాడు.

మంచె రెండు ముక్కలు. పైముక్క కూర్చోవడానికి, కిందిముక్క నిలబడటానికి. రెండూ చెట్టును కౌగిలించుకుని ఉంటాయి. కింద నిలబడి పైదాన్ని జరపాలి, పైదానిమీద కూర్చుని కిందిదాన్ని పాదాలతో లాక్కోవాలి. గొంగళిపురుగు నడక. బరువు పడితే పట్టు బిగుస్తుంది, బరువు తీస్తే వదులవుతుంది.

నాకు కళ్లు చెమర్చాయి. కూర్చుని చెట్టెక్కడం. మా వంశంలో ఎవరూ చూడని భాగ్యం.

“భాయ్, దీనితోటి నేనెక్కుత. అర్బాబ్‌కు చెప్పు,” అన్నాను.

అర్బాబ్ ముఖం వెలిగింది. అతిథి బహుమతి అక్కరకొస్తున్నట్టు కనిపిస్తుంది కదా. తెల్లదొర ఉత్సాహంగా ఇంగ్లీషులో చెబుతుంటే, ఖాదర్ భాయ్ తనకు అందినంత తెలుగు చేశాడు.

“పైముక్కకూ కిందిముక్కకూ ఈ తాడు కట్టాలంట. నడుముకు ఈ పట్టీ పెట్టుకోని చెట్టుకు చుట్టుకోవాలంట. పాదాలు ఈ తోలు వారు కింద దూర్చాలంట.”

“భాయ్, మా నాయిన పుట్టినకాంచి చెట్లమీదనే ఉన్నడని దొరకు చెప్పు.”

“మీ నాయన సరే. ఎక్కేది నువ్వు గదా.”

“మా ఇండ్లల్ల పిల్లలకు నడక కంటె ముందు ఎక్కుడొస్తది. గౌండ్లోనికి తాడు కట్టుడంటే చేపకు గొడుగు పట్టినట్టు.”

ఇది ఏ ఇంగ్లీషులోకి వెళ్లిందో తెలియదు. దొర తాడును, పట్టీని చేతిలో పట్టుకుని ఒక్కడుగు వెనక్కి వేసి, టోపీ తీశాడు. గౌరవంతోనని అప్పుడు అనుకున్నాను.

మొదట బ్రహ్మాండంగా సాగింది. కూర్చున్నాను, లాగాను, నిలబడ్డాను, జరిపాను. రెండోసారి చేసేటప్పటికి తలతిప్పి అర్బాబ్‌కు సలాం కూడా కొట్టాను. ఖర్జూరపు మొద్దు తాడిలా నున్నగా ఉండదు, కోసేసిన మట్టల మొదళ్లతో మొసలి వీపులా ఉంటుంది. మూడోసారి కిందిముక్క ఒక మట్టకు తగులుకుంది. నేను పాదాలతో ఒక్క గుంజు గుంజాను. వారులో దూర్చని పాదాలు పైకొచ్చాయి. కిందిముక్క మాత్రం ఊడి నేలమీదికి పోయింది. గలగలమని చప్పుడైంది.

ఇప్పుడు నేను పైముక్క గద్దెమీద చెట్టును వాటేసుకుని, కాళ్లు గాల్లో ఊపుకుంటూ ఉన్నాను. కింద నిలబడే ముక్క లేనిదే పైదాన్ని పైకీ జరపలేను, కిందికీ జరపలేను. కళ్లు మూసుకున్నాను.

“ఏమాయరా?” ఖాదర్ భాయ్ గొంతు.

“ఏం కాలె భాయ్. జర దమ్ము తీస్కుంటున్న.”

“మరి కింద పడింది ఏంది?”

“అక్కెర లేనిది పడ్డది.”

“ఖలాస్?” అని అర్బాబ్ అడగడం వినిపించింది.

“అయిపోయిందా అంటాండాడు.”

“సగం అయిందని చెప్పు.”

“ఏ సగం?”

“ఎంత ఎత్తుల ఉన్న భాయ్?” అన్నాను.

“కండ్లు తెరిచి చూసుకో.”

“తెరువ. నువ్వే చెప్పు.”

“చెయ్యి చాపితే నీ మడమలు అందుతాయి నాకు.”

నేను నమ్మలేదు. ఎత్తును కొలిచే మనిషి కింద ఉంటే ఒక లెక్క, పైన ఉంటే ఇంకో లెక్క. నా లెక్కలో అబుదాబి సముద్రం కనిపించాలి.

నవ్వుకోండి గానీ, అక్కడ కళ్లు మూసుకున్నప్పుడు నాకు కనిపించింది మా నాయన. ఆయన రోజూ చెట్టు మొదట్లో మోకు బిగించుకుని, పాదాలు ఇంకా నేలమీద ఉండగానే, వెనక్కి వాలి తన బరువంతా తాడుమీద వేసేవాడు. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. అది దండమనుకునేవాణ్ని. దండం కాదు, భయం. జీవితమంతా చెట్లమీద గడిపిన మనిషి ప్రతి పొద్దునా కొత్తగా భయపడేవాడు. మోకులో సగం తాడు, సగం భయం. నేను భయాన్ని గుప్పెట్లో దాచుకుని, తాడును దొర చేతిలో వదిలేసి ఎక్కాను. ఆయన నాకు నేర్పకుండా దాచిన విద్య ఎక్కడం కాదేమో, ఇలా భయపడటమేమో.

ఇంత గొప్ప ఆలోచన మధ్యలో కింద పికప్ హారన్ మోగింది. ఖాదర్ భాయ్ బండిని వెనక్కి నడిపించి సరిగ్గా నా కిందికి తెచ్చాడు.

“కాలు పెట్టు.”

“యాడ?”

“బండి మీద. కాలు చాపు చాలు.”

చాపాను. అందింది. చాపినప్పుడే ప్యాంటు కుట్టు తెగింది. తెల్లదొర ముఖం అటు తిప్పుకుని ఖర్జూరాలను చాలాసేపు పరిశీలించాడు. ఆ కాలంలో చెట్లకు ఖర్జూరాలుండవు.

అర్బాబ్ దగ్గరికొచ్చాడు. నవ్వడం లేదు. “సచ్ బోలో. చఢ్‌నా మాలూం?” నిజం చెప్పు, ఎక్కడం వచ్చా అని.

రువైసు ఎండ కళ్లముందు మెరిసింది. అయినా, “మాలూం నై అర్బాబ్,” అన్నాను.

ఆయన చెట్టువైపు చూసి అరబ్బీలో నెమ్మదిగా ఏదో అన్నాడు. నేను ఖాదర్ భాయ్ ముఖంలోకి చూశాను.

“నువ్వు ఈడనే ఉండల్లంట,” అన్నాడు.

“ఎందుకు?”

“పోయినేడు ఇదే తోటలో ఎక్కేది బాగా వచ్చినోడే పడినాడంట, నడుము ఇరిగి ఇంటికి పోయినాడంట. రానోడైతే నేలమీదుంటాడు గదా అంటాండాడు. నీళ్లు పట్టుకోమన్యాడు. ఎక్కేదానికి ఇంకొకన్ని చూస్తాడంట.”

“పడ్డాయన పేరేంది భాయ్?”

“నాకు తెల్దురా.”

నాకు జోకేమీ తట్టలేదు. అలా జరగడం అరుదు.

కాబట్టి తాడి, ఈత, కొబ్బరి, ఖర్జూరం మొదలైన సమస్త వృక్షాల సాక్షిగా, పాఠక మహాశయుల ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ వృక్షాన్నీ అధిరోహించను, అధిరోహించగలనని ఎవరికీ సూచించను, ఎవరైనా అధిరోహిస్తుంటే కింద నిలబడి సలహాలివ్వను. బంకు బెడ్డు ఉన్న గదిలో కూడా కింది మంచమే అడుగుతాను.

ఆ ఇనుప మంచెను పంపు గదిలో గోడకు బిగించి, నీళ్ల రబ్బరు పైపు దానికి చుట్టి పెట్టుకునేవాణ్ని. పైపుకు అంత బాగా పనికొచ్చే సామాను మళ్లీ దొరకలేదు. కాకపోతే ఎండాకాలం తలుపు వేసి ఉంచాలి. ఎండ పడి ఇనుము వేడెక్కితే పైపు మెత్తబడి అతుక్కుపోతుంది.