వీరన్న కాళ్లు తడిస్తే పెళ్లయినా ఆగాల్సిందే

ఆదోనిలో మా వీధికి రోడ్డు వేస్తున్నారు. మరుగుతున్న తారు వాసన తగలగానే నాకు పుట్టి గుర్తొచ్చింది. ఏరు దాటి మా అవ్వ వాళ్ల ఊరికి పోవాలంటే వెదురుతో అల్లి, అడుగున తారు పూసిన ఆ గుండ్రటి పుట్టే దిక్కు.

తుంగభద్ర రెండు పాయలై చుట్టేసిన గడ్డ అది. నల్లరేగడి జొన్నచేలు, ఎవరు కట్టించారో తెలియని రాతి మండపం, రేవు దగ్గర కత్తి పట్టిన వీరుడి శిల. ఆదోనికి కోట ఉంటే ఉండనీ, మాకు వీరన్న ఉన్నాడు! గడ్డ మీద పెరిగిన నేస్తాలూ, పుట్టి ఎక్కేముందు ఆయన కాళ్లు చూసేవాళ్లం, గుర్తుందా? నీళ్లు ఆ పాదాలను తాకితే రాకపోకలు బంద్.

మా చిన్నమ్మ పెళ్లినాడు అదే జరిగింది. మగపెళ్లివాళ్లు అవతలి ఒడ్డుకు చేరేసరికి ఏరు పొంగింది.

"ముహూర్తం దాటిపోతాంది, పుట్టి పంపండి!" అని అరిచారు.

అవ్వ గట్టు మీద నిలబడి అంతకంటే గట్టిగా అరిచింది. "వీరన్న కాళ్లు తడిసినాయప్పా! మా పిల్ల యాడికీ పోదు. నీళ్లు దిగినాక రాండి!"

సంబంధం తప్పిపోతుందని ఇంట్లో అందరూ వణికిపోయారు. పెళ్లికొడుకు మాత్రం ఒడ్డు వదల్లేదు. మరునాడు మొదటి పుట్టిలో వచ్చాడు, మండపంలో తాళి కట్టాడు. ఆ చిన్నాయన ఇల్లరికం ఉండిపోయి, ఇప్పటికీ గడ్డ మీదే సేద్యం చేస్తున్నాడు.

ఇందాక ఆయనకు ఫోన్ చేశాను. "చిన్నాయనా, వరద వస్తాందని మెసేజ్ వచ్చిందా?"

"వచ్చిందిలే అప్పా. ఉండు, వీరన్నను చూసొచ్చి చెప్తా."