మా నాన్నగారి డ్రమ్ము, నా సూర్యుడు

మా ఇంట్లో ఒక ఇనప డ్రమ్ము ఉండేది. చూసేవాళ్ళకి అది డ్రమ్ములాగే కనిపించేది గానీ, మా నాన్నగారి లెక్కలో అది పెద్దకొడుకు. నేను రెండోవాణ్ణి. సార్వా, దాళ్వా రెండు పంటలకీ నారు పెంచే ఆకుమడి పోసేముందు వరి విత్తనాలు నానబోసేది అందులోనే. మిగతా కాలమంతా అది పశువుల పాకలో ఓ మూల గోనెపట్టా కప్పుకుని విశ్రాంతి తీసుకునేది. ఎవరైనా తెలియక దానిమీద కూర్చోబోతే నాన్నగారు పరుగున వెళ్ళి కుర్చీ తెచ్చి వేసేవారు. వచ్చినవాళ్ళ మీద గౌరవంతో కాదు.

మాది మండపేటకి సైకిలు దూరంలో ఉన్న ఊరు. నేను మండపేటలో ఒక ఆఫీసులో గుమాస్తాని. తొంభైల నాటి మాట ఇది. మా ఊరికి కరెంటు చుట్టపుచూపుగా వచ్చి, కాఫీ తాగమన్నా ఆగకుండా వెళ్ళిపోయేది. అలాంటి కరెంటుని నమ్ముకుని గీజరు పెట్టుకునే ధైర్యం ఎవరికుంటుంది? అందుకని స్నానాలకి నీళ్ళు కాచేది పెరట్లో రేకు ఊక పొయ్యి మీదే. చుట్టూ రైసు మిల్లులున్నప్పుడు ఊకకి కొదవ లేదు, కొదవంతా ఊపిరికే. మా ఆవిడ తెల్లారకుండా లేచి ఆ పొయ్యి రాజేస్తే, లేచిన పొగ రాజమండ్రి బ్రిడ్జి మీద వెళ్ళే రైలువాళ్ళకి కూడా కనిపించేదని నా నమ్మకం. కాసేపటికి ఆ పొగని చీల్చుకుంటూ ఆవిడ వేడినీళ్ళ బకెట్టుతో ప్రత్యక్షమయ్యేది. అచ్చం నాటకంలో దేవతలాగే. దేవతలు అంతగా దగ్గుతూ రారు, అంతే తేడా.

ఒక ఆదివారం పేపర్లో ఎండతో నీళ్ళు కాచుకోవడం గురించి బొమ్మతో సహా వేశారు. నల్లరంగు వేసిన రేకు, దానిమీద మెలికలు తిరిగిన పైపు, పైన అద్దం, పక్కన ఒక డ్రమ్ము. ఆ బొమ్మ చూడగానే నాకు ఒళ్ళు పులకరించింది. రేకుంది, అద్దముంది, ఎండైతే మా జిల్లాకి ఎవరూ అడక్కుండానే బళ్ళకొద్దీ దింపేసి పోతారు. ఇక మిగిలింది డ్రమ్ము.

"నాన్నగారూ, మన డ్రమ్ము ఖాళీగానే ఉంది కదండీ" అన్నాను, గొంతులో తేనె పోసుకుని.

"నీ బుర్రా ఖాళీగానే ఉంది. నేనెప్పుడైనా వాడుకుంటానని అడిగానేంట్రా?"

నా పని అక్కడితో అయిపోవలసింది. కానీ మా ఆవిడ గుమ్మం పక్కనుంచి దగ్గుతూ, "మావయ్యగారూ, నీళ్ళు కాగడానికంటండి. పొగుండదంటండి" అంది. ఆ దగ్గు నిజమైనదే. సమయం చూసుకుని వచ్చిందంతే.

నాన్నగారు కోడలికి ఎదురు చెప్పలేరు. కాసేపు కండువా సర్దుకుని తీర్పు చెప్పారు. "అమ్మాయ్, నీ మొహం చూసి ఇస్తున్నాను. దాళ్వా విత్తనాలు నానబోసే నాటికి నా డ్రమ్ము నాకు కిందికి దిగాలి. ఒక్క సొట్ట పడినా ఊరుకోను. ఆ లోపల తెల్లారగట్ల నా స్నానానికి వేడినీళ్ళొచ్చాయా, సరే, ఇంకో డ్రమ్ము కొనుక్కోనిస్తాను. రాలేదా, ఇంక ఈ ఇంట్లో సోలారన్న మాట వినబడకూడదు. పొయ్యే గతి."

సొట్టలు పడకూడదన్నారు. చిల్లుల సంగతి ఏమీ అనలేదు. ఆ అభయం మీదే నేను డ్రమ్ముకి అడుగున ఒకటి, పైన ఒకటి, కొళాయికి ఇంకొకటి చిల్లులు పొడిచి పైపులు బిగించాను. నీళ్ళు కారకుండా అతుకుల చుట్టూ పాత సైకిలు ట్యూబు ముక్కలు చుట్టాను. నూనె డబ్బాలు చీల్చి రేకు చేసి, అద్దం మూత ఉన్న పెట్టెలో బిగించాను. నల్లరంగు రేకుకి సగం, నాకు సగం పట్టింది. మా ఆవిడ నన్ను భోజనానికి పిలవడానికి డాబా మీదికొచ్చి, ఏది రేకో ఏది మొగుడో పోల్చుకోలేక కాసేపు నిలబడిపోయింది.

మా పక్కింట్లో ఒక బాబాయిగారు ఉండేవారు. మా నాన్నగారిలాగే రైతు. ఎవరింట్లో ఏ పని మొదలైనా గోడమీదికి ఆయన తల మొలిచేది.

"ఏంటబ్బాయ్, చేపలెండబెడతావా?"

"కాదు బాబాయ్, నీళ్ళు కాస్తాను."

"నీళ్ళెండబెడతావా!" అని ఆయన లోపలికి వెళ్ళి మా పిన్నిగారిని కూడా తీసుకొచ్చారు చూడ్డానికి.

వేడెక్కిన నీళ్ళు పైకి పోతాయన్న సంగతి నేను బళ్ళో చదివాను గానీ, డాబా మీద మర్చిపోయాను. డ్రమ్ము కింద, అద్దం పెట్టె పైన పెట్టాను. పెట్టెలో నీళ్ళు సలసలా కాగుతున్నాయి, డ్రమ్ములో నీళ్ళు ఏమీ ఎరగనట్టున్నాయి. ఇక డ్రమ్ముని మెట్లగది కప్పు మీదికి ఎక్కించక తప్పింది కాదు. మోకులు కట్టి లాగుతుంటే నాన్నగారు కింద నిలబడి "మెల్లిగా, మెల్లిగా" అని ఒకటే అరుపు. నా పెళ్ళి ఊరేగింపులో గుర్రం బెదిరి నన్ను కాలవగట్టు దాకా మోసుకుపోయినప్పుడు కూడా ఆయన అంత కంగారు పడలేదు.

నీళ్ళు కాగాయి. ఆ మాట ఒప్పుకోవాలి. మధ్యాహ్నం భోజనాల వేళకి కొళాయి తిప్పితే పొగలు. కానీ ఆ వేళకి మా ఇంట్లో స్నానం చెయ్యనిది గేదె ఒక్కటే. పారబొయ్యడం ఇష్టం లేక దానికే పోశాం. చలికాలంలో వేన్నీళ్ళ స్నానం చేసిన గేదె గోదావరికి అటు ఇటు రెండు జిల్లాల్లోనూ మాదే. వారం తిరిగేసరికి దాని నడకే మారిపోయింది. చన్నీళ్ళు పోస్తే మొహం తిప్పుకునేది.

తెల్లారేసరికి మాత్రం డ్రమ్ము మా వేడంతా ఆకాశానికి దానం చేసి కూర్చునేది. నాన్నగారు స్నానాల గదిలో మొదటి చెంబు పోసుకున్న ఉదయం నాకింకా గుర్తు. ఆయన కేక విని వీధిలో పాలవాడు సైకిలు దిగిపోయాడు.

"ఒరేయ్! దీన్ని సూర్యుడితో కాచావా, చంద్రుడితో కాచావా?"

మా ఆవిడ వెళ్ళి ఊక పొయ్యి రాజేసింది. ఏమైనా అంటే బాగుండేది. పెరట్లోంచి వచ్చే ఆ దగ్గు వింటూ నేను దుప్పటిలో ఇంకాస్త ముడుచుకున్నాను.

అలా ఉండగా మార్గశిరం చలి దిగింది. దాళ్వా దగ్గరపడింది. నాన్నగారికి నిద్ర తగ్గింది. అంతకుముందు ఏడు ఇదే చలికి ఆయన విత్తనం సగానికి సగం మొలకెత్తలేదు. నానిన విత్తనాన్ని గోనెసంచిలో కట్టి, గడ్డి కప్పి, బరువు పెట్టి మండె కడతారు. లోపల వెచ్చదనం పుడితేనే మొలకొచ్చేది. ఆ చలికి మండెలు దేవుడి దగ్గర ప్రసాదంలా చల్లగా కూర్చున్నాయి. చివరికి పక్క ఊళ్ళో ఎవరినో బతిమాలి, వాళ్ళకి మిగిలిన వరి నారు తెచ్చుకుని ఊడ్చారు. ఆకుమడి ఆలస్యమైతే చివర్లో కాలవకి నీళ్ళు కట్టేసే నాటికి చేను ఇంకా వెన్ను తీసే ఈనిక మీదే ఉండి ఎండిపోతుంది. అందుకని ఈసారి ఆయన ఒక్క రోజు కూడా పోనివ్వదలుచుకోలేదు.

"డ్రమ్ము దింపరా" అన్నారు ఒకనాటి మధ్యాహ్నం. నేను గొంతు సవరించుకునేలోపే ఆయనే నిచ్చెన వేసుకుని మెట్లగది మీదికెక్కారు. పెద్దకొడుకుని పలకరించడానికి వెళ్ళిన మనిషి, వాడి ఒంటినిండా గాయాలు చూసినట్టు నిలబడిపోయారు.

"ఎవరు చేశారీ పని?"

"మీరు సొట్టలే వద్దన్నారండి..."

"చిల్లులు పొడవమన్నానా!"

పైపులు తీసేస్తే డ్రమ్ములో చుక్క నిలవదు. తియ్యకపోతే డ్రమ్ము కిందికి దిగదు. నాన్నగారు పైన, నేను నిచ్చెన మధ్యలో, మా ఆవిడ కింద నిచ్చెన పట్టుకుని. గోడమీద బాబాయిగారి తల సరేసరి.

కాసేపటికి కిందనుంచి మా ఆవిడ, "మావయ్యగారూ, డ్రమ్ము దిగకపోతే పోనీండి, విత్తనాల్నే పైకి తెచ్చుకుంటే సరిపోదాండి?" అంది.

ఇంట్లో ఇంత తెలివి ఉండగా నేను రోజూ ఆఫీసుకి ఎందుకు వెళ్ళొస్తున్నానో నాకు అర్థం కాలేదు.

నాన్నగారు మూత తీసి డ్రమ్ములో చెయ్యి ముంచారు, ముంచినంత వేగంగానూ తీసేశారు. "వామ్మో! ఇందులో పోస్తే మొలకలు కాదురా వచ్చేది, ఉప్పుడు బియ్యం. నా డాబా మీద మండపేట మిల్లు పెట్టావేంట్రా?"

అది నిజమైన భయం. వేడి ఎక్కువైతే విత్తనం చస్తుంది, తక్కువైతే పోయినేడాది కథే. ఆ విత్తనం పోతే ఆ ఏటికి ఇంకో విత్తనం లేదు. మా ఆవిడ చీర కుచ్చెళ్ళు దోపుకుని నిచ్చెనెక్కింది. బిందెలతో చన్నీళ్ళు పోయించి, కలియబెట్టించి, పసిబిడ్డ స్నానానికి చూసినట్టు మోచెయ్యి ముంచింది. "ఇంకో బిందె" అంది. మళ్ళీ ముంచింది. "ఇంకాస్త." నాన్నగారు ఆవిడ మోచేతి వంకే చూస్తున్నారు. పరీక్ష ఫలితాల నాడు నేనూ అంత భక్తిగా నోటీసుబోర్డు వంక చూడలేదు. "చాలండి" అన్నాక విత్తనాల సంచులు దింపారు. మళ్ళీ వేడెక్కిపోకుండా అద్దం మీద గోనెపట్టా కప్పేశాం. అంత కష్టపడి పిలిచిన సూర్యుణ్ణి గుమ్మంలోనే ఆపేశామన్న మాట.

సాయంత్రం చల్లగాలి మొదలయ్యేసరికి నాన్నగారికి కాలు నిలవలేదు. కళ్ళంలో గడ్డిమేటు దగ్గరికి వెళ్ళి మోపెడు గడ్డి తెచ్చారు. అరుగు మీద కూర్చుని గడ్డితాడు పేనడం మొదలెట్టారు. ధాన్యం దాచడానికి గడ్డితాడుతో పురి కట్టడంలో ఆయన చెయ్యి ఊరందరికీ తెలుసు. డ్రమ్ము అడుగునుంచి మెడదాకా వరస మీద వరస బిగించి చుట్టారు. మూత మీద గడ్డి పరిచి పైన గోనె కట్టారు. పైపుల్ని కూడా వదల్లేదు. చీకటిపడే వేళకి మా డ్రమ్ము స్వెట్టరు, మఫ్లరు, మంకీ క్యాపు వేసుకుని ఊటీ ప్రయాణానికి తయారైన పెద్దమనిషిలా ఉంది. నాకు చిన్నప్పుడు జ్వరమొస్తే కూడా నాన్నగారు ఇంతలా చుట్టలేదని చెప్పాను.

"నువ్వు మొలకెత్తేవాడివి కాదు కదరా" అన్నారు.

తెల్లారగట్ల నిచ్చెన చప్పుడుకి మెలకువొచ్చింది. నేను దుప్పటి కప్పుకునే పరిగెత్తాను. మా ఆవిడ ఊక తట్ట చేత్తో పట్టుకుని పెరట్లో ఆగిపోయింది. నాన్నగారు డ్రమ్ములో మోచేతిదాకా చెయ్యిపెట్టి, కళ్ళు మూసుకుని ఉన్నారు.

"గోరువెచ్చగానే ఉందిరా" అన్నారు మెల్లిగా.

"నాన్నగారూ! వేడి నిలిచిందండీ! తెల్లారేదాకా నిలిచింది!"

"అరవకు. విత్తనాలు పడుకున్నాయి."

మండె విప్పిన రోజున సంచి తెరవగానే ఒక వెచ్చటి ఆవిరి మొహానికి తగిలింది. లోపల గింజగింజకీ తెల్లటి మొలక, వేలితో తీస్తే ఒకదాన్నొకటి పట్టుకుని గుత్తులుగా వచ్చాయి. వెతికితే మొలకెత్తనిది ఒక్క గింజ దొరకలేదు. దొరికే ఉంటుంది, నేను చూడలేదు. గోడ అవతల బాబాయిగారి మండె మాత్రం ముసుగుతన్ని నిద్రపోతూనే ఉంది.

"అన్నయ్యా, ఏం మందు కలిపావ్?" అన్నారాయన గోడమీంచి.

"మందేంటి, మా డ్రమ్ము చెయ్యి మంచిది" అన్నారు నాన్నగారు. ఒక గుప్పెడు మొలకలు అరచేతిలో తిప్పి తిప్పి చూసుకుని, చాలాసేపటికి, "మావాడు కూడా ఏవో పైపులు పెట్టాడులే" అన్నారు. ఆ 'కూడా'ని నేను ఇప్పటికీ ప్రశంసాపత్రంలా దాచుకున్నాను.

ఆకుమడి చల్లడం అయ్యాక డ్రమ్ము కడిగి నీళ్ళు నింపాం. అద్దం మీద గోనె తీశాం. గడ్డి మాత్రం తియ్యలేదు. మర్నాడు తెల్లారగట్ల నాన్నగారు స్నానాల గదిలోకి వెళ్ళారు. కేక రాలేదు. నీళ్ళ చప్పుడు ఆగలేదు. చెంబు మీద చెంబు, చెంబు మీద చెంబు. నాకు తెలిసి అందులో ఆయన పుష్కర స్నానాలన్నీ ముందస్తుగా చేసేశారు. తల తుడుచుకుంటూ బయటికొచ్చి, "అమ్మాయ్, ఆ ఊక పొయ్యి ఎవరికైనా ఇచ్చెయ్యి" అన్నారు. డ్రమ్ము దింపే మాట ఆ తరవాత మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. మా ఆవిడ పొయ్యి ఎవరికీ ఇవ్వలేదు. కడియం తోటల నుంచి తెచ్చిన మల్లె అంటు అందులో పాతి, నాకు కనబడేలా గుమ్మం పక్కన పెట్టింది. నా సూర్యుడు మళ్ళీ మొండికేస్తే ఉంటుందన్న జాగ్రత్త కోసం అట.

మరుసటేడు దాళ్వా రోజుల్లో తువ్వాలు భుజానేసుకుని నేను స్నానాల గదికి బయల్దేరాను. దారిలో చూస్తే డాబా మెట్ల మీద అడుగు పెట్టే చోటు లేదు. కింది మెట్టు నుంచి పైదాకా విత్తనాల సంచులు వరసగా కూర్చున్నాయి. ఆ వరసలో బాబాయిగారి సంచి అందరికంటే ముందుంది. పైన నాన్నగారు కొత్త గడ్డితాడు చుడుతున్నారు. పక్కనే మా ఆవిడ, నీళ్ళలో మోచెయ్యి ముంచి.

"నాన్నగారూ, నా స్నానం?"

"బావి ఉంది కదరా. ముందు విత్తనాలు."

బావి దగ్గరికెళ్ళి ఒక చెంబు పోసుకున్నాను. నా కేకకి ఊరి గేదెలన్నీ ఒకేసారి తలలెత్తాయి. డాబా మీద నవ్వులు.

"ఏవండీ," అని మా ఆవిడ పిట్టగోడ మీంచి తొంగిచూసింది, "పొయ్యిలో మల్లెచెట్టు తీసేసి ఊక రాజెయ్యమంటారా?"

"వద్దొద్దు" అని, కళ్ళు గట్టిగా మూసుకుని రెండో చెంబు పోసుకున్నాను.