తడి నేల మీద పొడి బంకరు

లారీ దిగగానే నా బూటు మడమ దాకా నేలలోకి దిగింది. బూటులోకి నీళ్లొచ్చాయి. సెప్టెంబరు నెల, మధ్యాహ్నం మూడు గంటలు. లడఖ్‌లో సింధునదికి ఎగువన, పద్నాలుగు వేల అడుగుల ఎత్తున, కనుచూపు మేర బల్లపరుపు నేల. చుట్టూ బోడి కొండలు. మధ్యలో పచ్చగడ్డి, గడ్డి నిండా నీటి మడుగులు.

మాది పులివెందుల పక్క పల్లె. బావి ఎనభై అడుగులు దించినా చెమ్మ తగలని ఊరు. అన్ని నీళ్లు అడిగే దిక్కు లేకుండా పడి ఉంటే నాకు పిచ్చెక్కినంత పనైంది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఇంకా అయిదేళ్లు కాలేదు. నాకు ఇరవై రెండేళ్లు. సరిహద్దు పోస్టుకు రావడం అదే మొదలు. వచ్చింది కాపలాకైనా, తిరునాళ్లకు వచ్చినంత సంబరంగా ఉంది.

మేం పది మందిమి. మా హవల్దారు తమిళుడు. చిత్తూరులో పెరిగాడు. ఆర్డర్లు హిందీలో ఇచ్చేవాడు, తిట్లు మాత్రం తెలుగులో తిట్టేవాడు. వైర్‌లెస్ ఆపరేటరు ప్రొద్దుటూరు సాయిబు. వాళ్ల నాయన పరుపులు కుట్టేవాడు. నేను అతన్ని మామా అనేవాణ్ణి, అతను నన్ను అప్పా అనేవాడు.

కెప్టెన్ గారు మమ్మల్ని ఆ మైదానం మధ్యలో ఉన్న రాళ్లదిబ్బ దగ్గరికి తీసుకుపోయాడు.

"పూర్వం ఈ లోయ నిండా మంచుగడ్డే. అది మెల్లగా జరుగుతూ కొండల్ని తిరగలిలా నూరింది. నూరిన పిండి ఈ బురద. నూరలేక వదిలేసినవి ఈ రాళ్లు," అన్నాడు.

తర్వాత ఆర్డరు చెప్పాడు. దిబ్బ పక్కన బంకరు తవ్వాలి. మంచు పడి వెనకున్న కనుమ మూసుకునేలోగా కప్పు వేయాలి. వైర్‌లెస్ సెట్టు, బ్యాటరీలు పొడిగా ఉండాలి. లేదంటే చలికాలానికి పోస్టు ఎత్తేసి మమ్మల్ని వెనక్కి పిలుస్తారు. కనుమకు నెల రోజులకు మించి గడువు లేదు.

వెనక్కి పోవడమా? మొదటి పోస్టు నుంచే? ఆ మాట తలుచుకుంటేనే నాకు తల కొట్టేసినట్టనిపించింది.

మర్నాడు పొద్దున్నే తవ్వడం మొదలుపెట్టాం. గడ్డిని పారతో చదరంగా కోసి, ఆ పెళ్లల్ని దిబ్బ మీదికి విసిరేశాం. మోకాలి లోతు పోయామో లేదో, గుంటలో నీళ్లు బుడబుడా ఊరాయి.

నేను ఆగలేకపోయాను. "గంగ పడింది! మామా, గంగ పడింది!" అని కేక పెట్టాను. మా వైపు బావిలో నీళ్లు పడితే పని ఆపేస్తారు. పసుపు కుంకుమ చల్లి, టెంకాయ కొట్టి, బెల్లం పంచుతారు. టెంకాయ యాడ దొరుకుతుంది? వంటశాలకు పరుగెత్తి బెల్లం అచ్చు తెచ్చాను. గుంటకు దండం పెట్టి అందరికీ తలా ముక్క పంచాను. ఆపరేటరు కూడా కళ్లకద్దుకుని నోట్లో వేసుకున్నాడు.

హవల్దారు వచ్చాడు. గుంట చూశాడు, నా చేతిలో బెల్లం చూశాడు.

"ఒరేయ్! నిన్ను బావి తవ్వమన్నానా, బంకరు తవ్వమన్నానా?"

అప్పుడు గానీ నా బుర్రకెక్కలేదు. మా ఊళ్లో వరమైనది ఇక్కడ మా పోస్టుకే ఎసరు పెట్టింది.

వారం రోజులు దిబ్బ చుట్టూ తవ్వాం. ఎక్కడ తవ్వినా మోకాలి లోతులో నీళ్లే. దిబ్బ మీద తవ్వుదామంటే రాళ్లు ఒక్కొక్కటి ఎద్దంత ఉన్నాయి. సాయంత్రానికి ఓవర్‌కోట్లు తడిసి బిగుసుకుపోయేవి. ఆపరేటరు డేరాలో సెట్టును తన దుప్పటితో చుట్టి, తాను వణుకుతూ పడుకునేవాడు.

"నీకు దుప్పటి వద్దా మామా?"

"నాకు జలుబు చేస్తే మందుండాది. దీనికి చేస్తే యాడ తెచ్చేది?"

ఒకరోజు అతను గుంటలో నీళ్లు బకెట్టుతో తోడి, అలసిపోయి దూరం పోలేక, పక్కనే ఉన్న గడ్డిపెళ్లల కుప్ప మీద పోశాడు. పొద్దు గుంకేదాకా అదే పని. మర్నాడు పొద్దున ఆ కుప్పను జరుపుదామని గడ్డపార వేశాను. ఖంగుమని ఎగిరి నా భుజం అదిరింది. మళ్లీ వేశాను. చిన్న పెచ్చు కూడా లేవలేదు. పెళ్లలన్నీ రాత్రి చలికి గడ్డకట్టి ఒకే బండయ్యాయి.

"మామా, ఏంది చేసినావు దీన్ని?"

"ఏం చేసినా? నీళ్లు పోసినా, అంతే."

"ఇంకా నీళ్లు పోయి! అట్లనే పోయి!"

హవల్దారు వచ్చి కుప్పను బూటుతో తన్నాడు. కాలు పట్టుకుని కుంటుతూనే నవ్వాడు. అతను నవ్వడం మేం చూడటం అదే మొదలు.

ఇక కిందికి తవ్వడం మానేశాం, దిబ్బ మీద పైకి కట్టాం. రెండు వరసల పెళ్లలు, మధ్యలో రాళ్లు. సాయంత్రమయ్యేసరికి బకెట్లు చేతులు మారుతూ గోడల మీదికి వెళ్లేవి. మా గుంటల నీళ్లే మాకు సిమెంటు. అక్టోబరు మొదటి వారంలో వాసాలెత్తి రేకులు పరిచాం. గోడలకు లోపల టార్పాలిను కట్టాం. కప్పు వేసిన నాలుగో రోజే మంచు పడి కనుమ మూసుకుపోయింది.

ఆపరేటరు సెట్టు పెట్టాడు. మేమంతా అతని చుట్టూ కూర్చున్నాం.

"సెట్టు పొడిగా ఉంది. ఓవర్."

"మళ్లీ చెప్పు. ఓవర్," అన్నాడు కనుమ అవతలి నుంచి కెప్టెన్ గారు.

"పొడిగా ఉంది సార్. పరుపు మాదిరి ఉంది. ఓవర్."

కెప్టెన్ గారి నవ్వు సెట్టులో గరగరమని వినిపించింది. మేం గంతులేశాం.

చలికాలం గడిచిపోయింది. అసలు భయం మే నెలలో వచ్చింది. ఎండకు గోడలు కారడం మొదలుపెట్టాయి. మంచు కరిగితే గోడ నిలుస్తుందా? గోడ కదిలితే సెట్టు తీసుకుని బయటపడమని ఆర్డరు వచ్చింది. హవల్దారు గోడ పక్కన దారానికి రాయి కట్టి వేలాడదీశాడు. గోడ దారం వైపు జానెడు ఒరిగింది. అక్కడే ఆగిపోయింది. వారమైనా ఆగే ఉంది. ఆపరేటరు పెళ్లల సందులో వేళ్లు పెట్టి కెలికాడు.

"అప్పా, ఈడ సూడు! ఏర్లు! ఒకదానికొకటి కుట్టుకున్యాయి!"

నేనూ చెయ్యి పెట్టాను. తెల్లటి సన్నటి వేర్లు పెళ్లను పెళ్లతో గట్టిగా బిగించి పట్టుకున్నాయి. నాకు కళ్లనీళ్లొచ్చాయి. సంతోషంతోనే.

జూన్‌లో మా స్థానంలోకి కొత్త జట్టు వచ్చింది. నేను ముద్దనూరు స్టేషన్లో దిగాను. ఆపరేటరు ప్రొద్దుటూరు పోవాలి కాబట్టి ఎర్రగుంట్ల దాకా వెళ్లాడు. మా ఊళ్లో నేల పెనంలా కాలుతోంది. భోజనాలయ్యాక నాయన అంతా విన్నాడు. చైనావాళ్ల గురించి అడగలేదు, తుపాకుల గురించీ అడగలేదు.

"అన్ని నీళ్లుంటే ఆడ ఏం పండిస్తాండారురా?"

"ఏం పండదు నాయనా. శానా చలి. గడ్డి ఒకటే మొలుస్తాది."

నాయన అరుగు కింది మట్టి పిడికెడు తీసి నలిపాడు. తర్వాత, "పాపం, ఆ నేల," అన్నాడు.

పోస్టు వదిలి వచ్చిన రోజు లారీలోంచి వెనక్కి తిరిగి చూసింది నా కళ్ల ముందు నిలిచింది. మైళ్ల కొద్దీ నీళ్లు. వాటి మధ్య దిబ్బ మీద మేం పది మందిమి కట్టిన గోడలు. నాలుగు గోడలకూ జానెడు ఎత్తున పచ్చటి గడ్డి మొలిచి, గాలికి ఊగుతోంది.