అక్క నడుముకి కట్టిన డప్పు

మా అక్కకి పుట్టుకతోనే చెవుడు. థింసా ఆడేటప్పుడు ఆడవాళ్లంతా ఒకరి నడుము వెనక ఒకరు చేతులు వేసుకుని వరసగా కదులుతారు. డప్పు దెబ్బ మారగానే వరసంతా ఒక్కసారి వెనక్కి తిరగాలి. చిన్నప్పుడు ఒకసారి అక్క కాస్త ఆలస్యంగా తిరిగి పక్కామె కాలు తొక్కింది. అందరూ నవ్వారు. అప్పట్నుంచి ఏ పండగకీ వరసలో నిలబడలేదు. ఆడేవాళ్ల పసిపిల్లల్ని ఒళ్లో పెట్టుకుని పక్కన కూర్చునేది. కాళ్లు మాత్రం కూర్చున్నచోటే ఆడేవి. అది చూస్తే నాకు ఒళ్లు మండిపోయేది.

ఎలక్ట్రానిక్స్ గురించి నాకు తెలిసిందల్లా టార్చిలైటులో బ్యాటరీ మార్చడమే. ఫోన్లో వీడియోలు చూసి చూసి, డప్పు దెబ్బ అక్క ఒంటికి తెలిసేలా చెయ్యాలని పట్టుపట్టాను. జి.మాడుగుల సంతలో రిమోటు కారు బొమ్మా, అడుగేస్తే వెలిగే పిల్లల బూట్లూ కొన్నాను. అక్కడే ఫోన్లు బాగుచేసే కొట్టులో కూర్చుని రెండూ విప్పేశాను. కొట్టతను కొండల కింద మైదానపు ఊళ్ల నుంచి వచ్చినవాడు.

"ఏటి సేత్తన్నావే గుంటా? కొత్త బొమ్మని అలా ఇరగ్గొట్టేత్తన్నావు!"

"మా అక్కకి డప్పు సేత్తన్నానన్నా."

నవ్వాడు గానీ, పాడైన ఫోను ఒకటీ, వైర్లు అతికే సోల్డరింగు కడ్డీ నా ముందు పెట్టాడు. "ముందు వైరు ఏడెక్కనీ. బేగి బేగి పొడిసేత్తే అతకదు" అన్నాడు. వేళ్లు కాలాయి. నా మొదటి అతుకు పిచిక రెట్టలా ఉంది.

బూటు మడమలో చిన్న స్ప్రింగు ఉంటుంది. అది అదిరితే కరెంటు పారుతుంది. దాన్ని రిమోటులో బటను ఉన్నచోట అతికాను. కారు చక్రాలు తిప్పే మోటారు తీసేసి, ఫోన్లో వణికే బుల్లి మోటారు అక్కడ కలిపాను. ఇక్కడ స్ప్రింగు అదిరితే అక్కడ మోటారు గుర్రుమంది. కొట్టు దద్దరిల్లేలా కేక పెట్టాను.

ఊరికొచ్చి రిమోటుని, థింసాకి దరువు వేసే మా మావ డప్పు చట్రానికి కట్టాను. మావ ఎప్పటిలాగే డప్పుని మంట మీద పట్టాడు. కాపితేగానీ తోలు బిగవదు. పుట్టినప్పట్నుంచీ చూస్తున్నదే, నా బుర్రకి తట్టనేలేదు. ప్లాస్టిక్ కరిగి కారిపోయింది. నేను గొంతు చించుకుని అరిచాను.

"కాపకపోతే మోగుద్దేటే?" అని మావా అరిచాడు.

కోపంతో రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మళ్లీ సంతకి పోయి మొదట్నుంచీ చేశాను. ఈసారి డప్పుకి కట్టలేదు, మావ దెబ్బ వేసే చేతి మణికట్టుకే కట్టాను.

"ఈ వయసులో నాకు గాజు తొడిగేసినావేటే!" అన్నాడు మావ, చెయ్యి తిప్పి చూసుకుంటూ.

అక్కకీ చేతికే కట్టబోయాను. నా చెయ్యి తోసేసి, మోటారుని నడుము వెనక చీర మడతలో దోపుకుంది. పక్కామె చెయ్యి వచ్చి ఆనేది సరిగ్గా అక్కడే. ఇక జారదు, ఒక్క దెబ్బా తెలియకుండా పోదు. నాకు తోచనందుకు కాస్త ఉడుక్కున్నాను కూడా.

పండగనాడు అక్క వరసలో నిలబడింది. దెబ్బ మారింది. వరసంతా తిరిగింది. అక్కా తిరిగింది, అందరితోపాటే. నా జన్మలో అంత గర్వపడలేదు. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ నేనే చేశానని చెప్పుకున్నాను.

మధ్యలో ఆట ఆపారు. ఆడవాళ్లు నీళ్లు తాగుతూ కబుర్లలో పడ్డారు. మావ డప్పు పక్కన పెట్టి, నా వైపు కన్నుగీటి, రిమోటు కట్టిన చేతిని ఉత్తినే గాల్లో దరువులా ఆడించాడు. చప్పుడు లేదు. ఆయనకి వీపు పెట్టి నిలబడ్డ అక్క, చేతిలోని గ్లాసు కింద పెట్టి, గబగబా వెళ్లి తన చోట నిలబడింది.

మిగతావాళ్లంతా "డప్పు మోగిందేటి?" అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.