కుంకుమ రంగు బార్‌కోడ్

“మీ చిన్నాయన పోయిండు బిడ్డా” అని చిన్నమ్మ ఫోన్ చేసినప్పుడు నేను ఒక మసాలా డబ్బా మీదికి బార్‌కోడ్ బొమ్మ తయారు చేస్తున్నాను. ఆ పని నాకు నేర్పింది ఆయనే. పొద్దున లేచి చాయ్ తాగాడట, గోడకు ఆనుకుని కూర్చున్నాడట, అంతేనట. నేను సైదాబాద్ నుంచి లాల్‌దర్వాజా చేరేసరికి మా బాపు అప్పటికే వచ్చి ఉన్నాడు. “బంగారమసొంటి తమ్మున్ని తీస్కపోయినవ్ గద దేవుడా” అని శవం మీద పడి ఏడుస్తున్నాడు. చుట్టుపక్కలవాళ్లు ఆయన్నే ఓదారుస్తున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎందుకో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

చిన్నాయనకు లాల్‌దర్వాజా గల్లీలో ఒక చిన్న దుకాణం ఉండేది. ఒక కంప్యూటర్, ఒక ప్రింటర్, రెండు కుర్చీలు. ఇంట్లో అప్పడాలు, అగర్‌బత్తీలు, పచ్చళ్లు చేసి అమ్ముకునేవాళ్లు సూపర్‌మార్కెట్లో సరుకు పెట్టించాలంటే ప్యాకెట్ మీద బార్‌కోడ్ ఉండాలి. వాళ్లు నంబర్ తెచ్చిస్తే, దాన్ని గీతలుగా మార్చి లేబుల్లో అమర్చి ఇచ్చేవాడు. డిగ్రీ అయ్యాక నేను ఆ రెండో కుర్చీలో కూర్చుని పని నేర్చుకున్నాను. పెళ్లయ్యాక కూడా చాలాకాలం అక్కడికే వచ్చి చేశాను.

గీతలకు అటూ ఇటూ కొంచెం ఖాళీ వదలాలి. లేకపోతే అవి ఎక్కడ మొదలయ్యాయో మిషన్‌కు తెలియదు. వచ్చినవాళ్లకు మాత్రం ఆ ఖాళీని చూస్తే ప్రాణం ఒప్పేది కాదు. “గీడ మస్తు జాగ ఉంది గదన్నా, ఫోన్ నంబర్ ఏస్కుందం” అనేవాళ్లు. “గీతలకు గూడ ఊపిరాడాలె భాయ్” అనేవాడు చిన్నాయన. అచ్చయిన మొదటి లేబుల్‌ను డబ్బాకు అంటించి, రోడ్డు మీది సూపర్‌మార్కెట్‌కు పోయి కౌంటర్ దగ్గర చదివించి చూసేవాడు. “ఫోన్ల సదివితే సదివినట్టు గాదు బిడ్డా” అనేవాడు. ఊరికే అడగడానికి మొహమాటం, అందుకని పోయినప్పుడల్లా ఒక సబ్బు కొనేవాడు. ఇంట్లో సబ్బులు గుట్టపడితే చిన్నమ్మ తిట్టుకుంటూ వచ్చినవాళ్లకు తలా ఒకటి చేతిలో పెట్టేది. నా పెట్టెలోనూ బట్టల మధ్య ఎప్పుడూ రెండు మూడు ఉండేవి.

మా బాపుది ఉప్పుగూడలో పసుపు కుంకుమ ప్యాకెట్ల వ్యాపారం. సూపర్‌మార్కెట్లకు సరుకు వేద్దామని ఆశపడి తమ్ముడి దగ్గరికి వచ్చాడు. స్క్రీన్ మీద లేబుల్ చూడగానే ముఖం చిట్లించాడు.

“ముత్తైదువలు కొనే ప్యాకెట్ మీద నల్ల గీతలేందిర? కుంకుమ రంగుల ఏయ్. ఎన్క పసుపు పెట్టు.”

“అన్నా, దుకాణంల మిషన్ ఎర్ర లైట్‌తోని చూస్తది. ఎర్ర గీతలు దానికి అవుపడయి.”

బాపు ఆ గీతలను ఎర్రగా మార్పించి, జేబులోంచి ఫోన్ తీసి స్క్రీన్‌కు ఎదురుగా పట్టాడు. ఫోన్ చదివింది. “సదివింది గద! నాకు జెప్పొస్తున్నవా?” అన్నాడు. చిన్నాయన ఆ ఎర్ర గీతలనే అచ్చుకు పంపాడు. తండ్రి లేని తమ్ముణ్ని అన్నే చదివించాడు. ఆ సంగతిని మా బాపు మరిచిపోనిచ్చేవాడు కాదు. ఆ ఒక్క లేబుల్‌ను మాత్రం చిన్నాయన కౌంటర్‌కు తీసుకుపోలేదు. పోతే ఏమవుతుందో ఆయనకు తెలుసు, అయినా అన్న వినడని కూడా తెలుసు.

బోనాల ముందు సరుకు దుకాణాల్లో దిగింది. ఒక్క ప్యాకెట్‌ను కూడా కౌంటర్ మిషన్ చదవలేదు. అంతా ఆటో ట్రాలీల్లో తిరిగొచ్చింది. బాపు గల్లీలో నిలబడి కేకలేశాడు. “గీతలు గియ్యరానోనికి దుకాణమెందుకురా! నిన్ను నమ్మి నేను మునిగిన!” అగర్‌బత్తీలాయన, అప్పడాలామె, అందరూ వింటున్నారు. నేను నోరు తెరవబోతే చిన్నాయన నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపాడు.

తరువాత నేను ఆయన్ను నిలదీశాను. “నా ఇజ్జత్ పోతే మళ్ల సంపాయించుకుంట బిడ్డా. గీ వయసుల మీ బాపు ఏడ సంపాయిస్తడు?” అన్నాడు. కానీ చిన్నాయన సంపాదించుకోలేకపోయాడు. ఆయన చేసిన గీతలను మిషన్ చదవదట అన్న మాట పాకిపోయింది, పాతవాళ్లంతా వేరే చోటు చూసుకున్నారు, దుకాణం మూతపడింది. చివరిదాకా ఒక గోదాంలో, ఎవరో చేసిన లేబుళ్లను డబ్బాలకు అంటించాడు. ఈరోజు నేను ఈ పని మీద బతుకుతున్నానంటే ఆయన చలవే. కానీ ఆయన మంచితనం మీద కూడా నాకు కోపమే.

బాపు తరువాతి సరుకుకు లేబుళ్లు ఇంకోచోట చేయించుకున్నాడు. తెల్ల గడిలో నల్ల గీతలు. ముత్తైదువలెవరూ వద్దనలేదు, బాగానే అమ్ముడుపోయింది. “గా రంగు ఏయమన్నది నువ్వే గద బాపు, నలుగురిల ఒక్కసారి చెప్పరాదా” అని అడిగాను. “అయిపోయిన లొల్లి మళ్లెందుకు తీస్తవ్? వానికి పని దొరికింది గద, ఇంకేం ఫికర్?” అన్నాడు.

మూడో రోజు పిట్టకు పెట్టారు. విస్తట్లో అన్నం, ఆయనకు ఇష్టమైన బోటి కూర పెట్టి అందరం దూరం జరిగాం. పిట్ట ముట్టకపోతే పోయినవాళ్లకు ఏదో కోరిక మిగిలిపోయిందంటారు. అప్పుడు అయినవాళ్లు ముందుకొచ్చి ఆ కోరికేదో పైకి చెప్పి, తీరుస్తామని మాటివ్వాలి. పిట్ట రాకూడదని నేను మొక్కుకున్నాను. అది రాకపోతే, ఇంతకాలం నా ఒక్కదాని ముందు కూడా ఒప్పుకోని మాటను బాపు ఇవాళ అందరి ముందు అనక తప్పదు. అగర్‌బత్తీలాయనా, అప్పడాలామె కూడా వచ్చి ఉన్నారు. ఎంతసేపటికీ పిట్ట రాలేదు. చిన్నమ్మ కళ్లార్పకుండా బాపు వైపే చూస్తోంది. బాపు చేతులు జోడించాడు. ఒక అడుగు ముందుకేశాడు.

“తమ్మీ...” అన్నాడు.

అంతలోనే కాకి వచ్చి విస్తరి మీద వాలింది. వాలుతూనే ముక్కు పెట్టింది.

“చూసిండ్రా, ఏ కోరికా లేకుంట పోయిండు, పుణ్యాత్ముడు” అన్నాడు ఒక పెద్దాయన. అందరూ దండం పెట్టుకున్నారు. పోయినాక గూడ అన్న ఇజ్జత్తే కాపాడినవా చిన్నాయనా అని నాకు అప్పుడు ఏడుపొచ్చింది. బాపు జోడించిన చేతులు దించి, తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. కాకి తలెత్తకుండా తింటూనే ఉంది.