అన్నీ బంద్ చేసే కొండల్ రావు

ఎక్కడ ఏ యంత్రం గుయ్యిమన్నా సరే, అన్నీ ఆపేసి, ఒక్కొక్కటే వేసి చూసి, దొంగను పట్టుకునేదాకా కొండల్ రావుకు ముద్ద దిగదు. వరంగల్ మనిషి. డిట్రాయిట్‌లో కార్ల వైరింగ్ ఇంజనీరు.

ఓసారి ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా ఇంటికి భోజనానికొస్తే, మిక్సీ వేసినప్పుడల్లా టీవీలో గీతలొస్తున్నాయని నోరు జారాను.

"అన్నీ బంద్ చెయ్యుండ్రి!" అంటూ మెయిన్ స్విచ్ దగ్గరికి ఉరికాడు. రెండు గంటల తర్వాత నేరం మిక్సీదేనని తేల్చాడు.

"అది నేను ముందే చెప్పానుగా అన్నయ్యగారూ!"

"చెప్పుడు వేరు, రుజువు వేరు, చెల్లె."

ఈలోగా ఫ్రీజర్లో ఐస్‌క్రీం పాయసమైపోయింది. అదే వడ్డించాను.

ఆయనకో పాత తెరచాప పడవ ఉండేది. సెయింట్ క్లెయిర్ సరస్సులో పడవల క్లబ్బు వాళ్ల పందెంలో ఐదేళ్లుగా ఆఖరు స్థానం ఆయనదే. ఒక్కసారైనా ఎవరో ఒకరిని దాటాలని ఆయన ఆశ. ఎనభై ఐదు వేసవిలో ఆ పందేనికి నన్నూ, తెనాలి నుంచి వచ్చిన మా అత్తగారు కోటమ్మనూ ఎక్కించుకున్నాడు. ఊపుకు తల తిరిగి ఆవిడ కింది గదిలో పడుకున్నారు. ఉక్కపోయకుండా బ్యాటరీ ఫ్యాన్ పెట్టాడు.

ఆశ్చర్యం! సగం దూరానికి మా ముందు ఒక్కటే పడవ. అంతలో పొగమంచు తెరలా కమ్మి, మేం చుట్టి రావలసిన బోయా, అంటే నీళ్లలో తేలే గుర్తు, కనపడలేదు. పడవ ఎక్కడుందో అంకెల్లో చెప్పే లోరాన్ పెట్టె చూస్తే, దాని అంకెలు గంతులేస్తున్నాయి.

"అన్నీ బంద్!"

లోతు కొలిచే మీటరు ఆపాడు. గంతులు ఆగలేదు. రేడియో ఆపాడు. ఊహూఁ. ఫ్యాన్ ఆపాడు. అంకెలు బుద్ధిగా నిలబడ్డాయి. కొండల్ రావు ముఖం వెలిగిపోయింది.

కింది నుంచి నీరసంగా వినిపించింది. "ఫ్యాన్ ఆగింది నాయనా... కడుపులో తిప్పుతోంది."

"ఒక్క పావుగంట ఓర్చుకుంటారు లెండి," అన్నాను మెల్లగా.

ముందు పడవ మంచులో మాయమైన వైపు ఆయన ఒకసారి చూశాడు. ఫ్యాన్ వేసి, లోరాన్ ఆపేశాడు.

"ఫ్యాన్ మంచిగనే ఉందమ్మా. గీ డబ్బానే ఖరాబైంది."

అంచనా మీద తిరిగి తిరిగి, పదకొండు పడవల్లో పదకొండోదిగా ఒడ్డు చేరాం. క్లబ్బులో, ఆయన అలవాటు తెలిసిన తోటి పందెగాడు గోపాల్ పట్టుకున్నాడు. "ఏం సార్, దొంగ దొరికిందా?"

"ఈసారి దొరకలే," అన్నాడు, తల గోక్కుంటూ.

ఆ అబద్ధానికి నాకు ఆయన మీద ఎంత అభిమానం కలిగిందో చెప్పలేను.

కారెక్కుతూ అత్తగారు అన్నారు: "ఎంత మర్యాద తెలిసిన మనిషే అమ్మాయ్! పాపం, అందరినీ ముందు పోనిచ్చి, ఆఖర్న మనల్ని తీసుకొచ్చాడు."